ఆదివారం వేళల మార్పు గురించి మా గేమింగ్ సెంటర్ నుంచి ఒక మాట

వచ్చే నెల నుంచి ఆదివారం ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 2 గంటల వరకు మన సెంటర్‌లోని నాలుగు టీవీల్లో రెండింటిని పిల్లలతో వచ్చే కుటుంబాలకే కేటాయిస్తున్నాము. నెల చందా కట్టే పాత సభ్యుల్లో కొందరికి ఇది నచ్చలేదు కాబట్టి కారణాన్ని దాచకుండా చెబుతున్నాను.

2023లో మొగల్రాజపురంలో ఈ సెంటర్ తెరిచినప్పుడు నేను లెక్క తప్పాను. పంతం పట్టి గంటల తరబడి ఆడేవారే మనకు ఆధారమని నమ్మి, అప్పు చేసి మరీ టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాలు (కన్సోళ్లు) నాలుగూ ప్లేస్టేషన్ 5లే కొన్నాను. సాయంత్రం ఆరు దాటాక కుర్చీ దొరకని మాట నిజమే గాని, పగలంతా అద్దె, కరెంటు ఖర్చు తప్ప రాబడి ఉండదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో మనవలను వెంటబెట్టుకొని వచ్చిన ఒక పెద్దావిడ కంట్రోలర్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్ని మీటలున్నాయి, బొటనవేళ్లు రెండే కదండీ" అంటూ దాన్ని బల్ల మీద పెట్టేశారు. వెనుక నిలబడిన మన కుర్రాళ్లు నవ్వారు. ఆ కుటుంబం మళ్లీ రాలేదు.

ఆమె అన్న మాటనే జపాన్ గేమ్ కంపెనీ నింటెండో 2006లో తన వ్యాపారానికి పునాదిగా చేసుకుంది. ఆ నవంబరులో అమెరికాలో పోటీ కన్సోల్ ప్లేస్టేషన్ 3 ధర 499, 599 డాలర్లు ఉండగా, సుమారు 250 డాలర్లకే వచ్చిన నింటెండో వారి 'వీ' కన్సోల్ బొమ్మల నాణ్యతలో వెనుకబడినా, టీవీ రిమోట్‌ను పోలిన కంట్రోలర్‌ను ఊపితే చాలు, టెన్నిస్ ఆడవచ్చు. అది 10 కోట్లకు పైగా అమ్ముడైంది. దాని పోటీ కన్సోళ్లు ప్లేస్టేషన్ 3 గాని, ఎక్స్‌బాక్స్ 360 గాని 9 కోట్లకు చేరలేదు. అయితే 2012లో దాని తర్వాత వచ్చిన 'వీ యూ' కన్సోల్ సుమారు 1.35 కోట్ల దగ్గరే ఆగిపోయింది. సరదాకు ఆడేవారు అప్పటికే ఫోన్లకు అలవాటుపడ్డారని, వారిని నమ్ముకొని మొత్తం దుకాణాన్ని మార్చకూడదని నాకు అనిపిస్తుంది. అందుకే నాలుగూ కాక రెండు టీవీలే ఇస్తున్నాను.

ఆ రెండింటిలో ఒకదానికి నింటెండో వారి 'స్విచ్' పెడుతున్నాము. టీవీకి తగిలించే కాక, సొంత తెరతో చేతిలో పట్టుకొని కూడా ఆడగల కన్సోల్ అది. నింటెండో దానిని మన దేశంలో నేరుగా అమ్మడం లేదు కాబట్టి ఇక్కడ వారంటీ లేదు. అందువల్ల ఆడించడమే తప్ప అమ్మము. విదేశం నుంచి తెప్పించిన ఒక కన్సోల్‌ను నిరుడు ఒకరికి అమ్మి, "ఏదైనా అయితే నేను చూసుకుంటాను" అని గొప్పగా మాట ఇచ్చాను. వారి పాప చేతిలోంచి జారి దాని తెర పగిలినప్పుడు నాకు విడిభాగం దొరకలేదు, చివరకు డబ్బు తిరిగి ఇచ్చాను. తప్పు నాదే.

రాత్రి వేళలు, నెల చందా మారవు. ఆదివారం ఉదయం వచ్చి కొత్తవారికి ఆట నేర్పే సభ్యులకు ఒక గంట ఉచితంగా ఇస్తాము, అయితే మధ్యలో కొత్తవారి చేతిలోని కంట్రోలర్‌ను లాక్కోకూడదు.