కచేరీ ఏడున్నరకైతే దోసె ఎన్నింటికి?

సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో రాక్ కచేరీలకు వెళ్లే మనవాళ్ల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన సూచనల్లో ఒకదాని గురించి ఈ ఉత్తరం. ‘స్టేడియం పక్కనే ఉన్న ఇండియన్ రెస్టారెంట్‌లో తీరుబడిగా కడుపునిండా తిని, అటునుంచి అటే లోపలికి వెళ్లండి’ అని రాశారు. హోటల్ వంటగదుల పని తెలిసినవాళ్లుగా చెబుతున్నాం, ఈ సలహా పాటిస్తే భోజనమూ దక్కదు, పాటా దక్కదు. వేసవిలో విశాఖ నుంచి పిల్లల దగ్గరికి లండన్, న్యూజెర్సీ వెళ్లే పెద్దవాళ్లు చాలామందే. పిల్లలు టికెట్ కొనేశాక కాదనలేక కచేరీకీ వెళుతున్నారు. అలాంటివాళ్లకు పనికొచ్చే వివరాలు కొన్ని రాస్తున్నాం, వీలుంటే వేయండి.

ముందు టైము సంగతి. టికెట్ మీద ఉండేది చాలాసార్లు గేట్లు తీసే టైము, పాట మొదలయ్యే టైము కాదు. గేట్లు ఆరున్నరకి తీస్తే ఏడున్నర ప్రాంతంలో ‘సపోర్ట్ యాక్ట్’ పేరుతో ఓ చిన్న బ్యాండ్ వాయిస్తుంది. అసలు బ్యాండ్ వేదిక ఎక్కేసరికి ఎనిమిదిన్నర, ఒక్కోసారి తొమ్మిది. పదిన్నర, పదకొండుకల్లా ఆపేయాలన్న నిబంధన ఉంటుంది కాబట్టి, మన దగ్గర ముఖ్య అతిథి కోసం ఆగినట్టు ఎవరికోసమూ ఆగరు. లెక్క వెనక నుంచి వేసుకోవాలి. ఎనిమిదికల్లా సీట్లో కూర్చోవాలంటే ఏడింటికి తనిఖీ వరుసలో ఉండాలి, ఆరుంబావుకి రైలెక్కాలి, ఆరింటికి బిల్లు కట్టేయాలి. అంటే హోటల్లో కూర్చోవాల్సింది నాలుగు ముప్పావుకి, మహా అయితే ఐదింటికి.

చిక్కంతా ఇక్కడే. బ్రిటన్‌లో ‘కర్రీ హౌస్’ అని పిలిచే పాతకాలపు రెస్టారెంట్లలో చాలావాటికి మధ్యాహ్నం విరామం ఉంటుంది. రెండున్నర ప్రాంతంలో మూసి మళ్లీ ఐదింటికో ఐదున్నరకో తీస్తారు. కొన్ని అసలు సాయంత్రమే తెరుస్తాయి. నాలుగు ముప్పావుకి వెళితే తాళం కనబడుతుంది. పొద్దంతా తెరిచి ఉండేవి ఎక్కువగా దక్షిణాది టిఫిన్ హోటళ్లు, గుజరాతీ శాకాహార భోజనశాలలు. కచేరీ రోజున వెతకాల్సింది వీటినే. అయినా ముందురోజు ఫోన్ చేసి ‘రేపు నాలుగున్నరకి వంటగది నడుస్తుందా?’ అని అడగండి. ‘తెరిచి ఉంటారా?’ అని అడిగితే సరిపోదు. తలుపు తెరిచి ఉండీ పొయ్యి ఆర్పేసే హోటళ్లున్నాయి.

ఇక ‘పక్కనే’ అన్న మాట. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో 90,000 మంది పడతారు, అక్కడిదే ఓ2 అరీనాలో 20,000. అందులో పదోవంతు మంది స్టేడియం చుట్టుపక్కల తినాలనుకున్నా ఐదున్నరకీ ఆరున్నరకీ నడుమ ఏ వంటగదీ తట్టుకోలేదు. విశాఖ మధురవాడలో క్రికెట్ మ్యాచ్ రోజున చుట్టుపక్కల హోటళ్ల తీరు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే స్టేడియం గుమ్మంలో కాకుండా, దానికి నేరుగానో ఒక్కసారి మారో రైల్లో వెళ్లగలిగే చోట, నాలుగైదు స్టేషన్ల దూరంలో తినాలి.

లండన్‌లో ఇది తేలికే. ఓ2కి వెళ్లేవాళ్లకు ఈస్ట్ హామ్ బాగుంటుంది. తమిళ, మలయాళ, తెలుగు హోటళ్లు ఆ స్టేషన్ చుట్టూనే ఉన్నాయి. డిస్ట్రిక్ట్ లైన్‌లో అప్టన్ పార్క్, ప్లేస్టో దాటి వెస్ట్ హామ్‌లో దిగి జూబ్లీ లైన్ ఎక్కితే రెండో స్టేషనే నార్త్ గ్రీనిచ్, ఓ2 అక్కడే. వెంబ్లీకైతే యూస్టన్ స్టేషన్ పక్కనున్న డ్రమండ్ వీధి. భేల్‌పూరీ, దోసెల శాకాహార హోటళ్లకు ఆ వీధికి ఎప్పటినుంచో పేరు. అక్కడ తిని నాలుగడుగులు నడిచి యూస్టన్ స్క్వేర్‌లో మెట్రోపాలిటన్ లైన్ ఎక్కితే గ్రేట్ పోర్ట్‌లాండ్ స్ట్రీట్, బేకర్ స్ట్రీట్, ఫించ్‌లీ రోడ్, ఆ తర్వాత వెంబ్లీ పార్క్. వెంబ్లీ దగ్గర్లోనే తింటామంటే స్టేడియం ముందున్న చైన్ రెస్టారెంట్లు వదిలేసి ఈలింగ్ రోడ్‌కి వెళ్లండి. గుజరాతీ భోజనం, ఫర్సాణ్ అనే కారపు చిరుతిళ్లు దొరుకుతాయి, స్టేడియంకి ఇరవై ఐదు నిమిషాలు నడవగలగాలి అంతే. మేనల్లుడు కారులో దింపుతాడని మాత్రం పెట్టుకోవద్దు. కచేరీ రోజుల్లో అక్కడ కొన్ని రోడ్లు మూస్తారు, రోడ్డు పక్కన పార్కింగ్ స్థానికులకే. రైలు లేనిదే ఆ స్టేడియం నడవదు. 2025లో కోల్డ్‌ప్లే వెంబ్లీలో పది రాత్రులు వాయించినప్పుడు, మెట్రో సమ్మె వచ్చిపడి చివరి రెండు కచేరీల తేదీలు మార్చుకోవాల్సి వచ్చింది.

మాంచెస్టర్‌లో కర్రీ మైల్ పేరు అందరూ చెబుతారు. రషోమ్‌లోని విల్మ్‌స్లో రోడ్ అది. ఆక్స్‌ఫర్డ్ రోడ్ మీదున్న అకాడమీ అనే హాల్లో కచేరీ అయితే అదే దారిలో బస్సు, బ్రహ్మాండం. 2024లో తెరిచిన కో-ఆప్ లైవ్ అరీనాకి వెళ్లేవాళ్లు మాత్రం ఊరి మధ్యకొచ్చి ట్రామ్ మారాలి, ఇంకో ముప్పావుగంట చేర్చుకోండి. న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ అరీనాకి లెక్సింగ్టన్ అవెన్యూ మీద 26 నుంచి 29వ వీధి దాకా ఉన్న మన హోటళ్లు దగ్గర, మైలు లోపే నడక.

అసలు విషయం, ఏం తెప్పించుకోవాలి. మెనూ చూసి కాదు, పొయ్యి చూసి ఆర్డర్ ఇవ్వాలి.

ఆరింటి రద్దీలో దోసె పెనం దగ్గర ఏం జరుగుతుందంటే, మూడడుగుల పెనం మీద ఒక వాయికి మూడు, మహా అయితే నాలుగు మసాలా దోసెలు పడతాయి. వేసి తీయడానికి మూడు నాలుగు నిమిషాలు. వాయికీ వాయికీ మధ్య మాస్టర్ నీళ్లు చిలకరించి, చీపురుతో ఊడ్చి పెనం వేడి దించాలి. ఆర్డర్ చీటీలు పేరుకుపోయేకొద్దీ మొదట ఎగిరిపోయేది ఆ నీళ్ల చిలకరింపే. పెనం మరీ కాలితే పిండి గరిటెతో పాటే లేచొస్తుంది, తిప్పినా సాగదు. నడుమ దళసరిగా ఉండిపోయి అంచులు మాడతాయి. చలిదేశంలో ఇంకో ఇబ్బంది, పిండి వెచ్చటి చోట పెట్టకపోతే రాత్రికి రాత్రి పులవదు. పులవని పిండితో వేసిన అట్టు పాలిపోయి సాగుతుంది. ఎనిమిది మంది వెళ్లి ఎనిమిది మసాలా దోసెలు చెప్పారనుకోండి, పక్క టేబుళ్ల ఆర్డర్లు కూడా అదే పెనం మీద ఉంటాయి కాబట్టి మొదటివాడు చెయ్యి కడుక్కునేసరికి ఆఖరివాడికి ప్లేటు వస్తుంది. మర్యాదకి అందరూ ఆగితే మొదటి నాలుగూ మెత్తబడతాయి. ఎనిమిది మందికి నాలుగు దోసెలు చెప్పి సగం సగం పంచుకోండి, మిగతాది ఇడ్లీ, వడ. ఇడ్లీ పాత్రలో రెడీగా ఉంటుంది, వడలు ఒక్క వాయిలో పన్నెండు వస్తాయి. ఊతప్పం జోలికి పోవద్దు, అది దోసెకి రెట్టింపు సేపు పెనాన్ని ఆక్రమిస్తుంది.

కర్రీ హౌస్‌కే వెళితే పద్ధతి వేరు. అక్కడ రోజూ పెద్ద గిన్నెలో ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి మెత్తగా ఉడికించి రుబ్బి బేస్ గ్రేవీ చేసి పెట్టుకుంటారు. మాంసం విడిగా ముందే ఉడికి ఉంటుంది. ఆర్డర్ రాగానే మూకుడులో నూనె, మసాలా పొడి, రెండు గరిటెల గ్రేవీ, ముక్కలు వేసి పెద్ద మంట మీద ఏడెనిమిది నిమిషాల్లో దించేస్తారు. కోర్మా, మద్రాస్, విందాలూ అనే కూరలన్నింటికీ ఆ గిన్నే మూలం. కారం పెరిగే వరుస అది, చెన్నైతో గానీ గోవాతో గానీ పెద్ద సంబంధం లేదు. మనవాళ్లు ఈ కూరల్ని వెక్కిరిస్తారు గానీ, రైలు పట్టుకోవాల్సిన రోజున వీటికి మించినది లేదు. నాన్ రెండు నిమిషాల్లోపే వస్తుంది. ఎముకతో ఉన్న తందూరీ చికెన్‌కి పావుగంట. అక్కడి బిర్యానీ చాలాచోట్ల దమ్ముది కాదు, అన్నాన్ని ముక్కలతో వేయించి పక్కన కూర గిన్నె పెడతారు. దమ్ బిర్యానీ కావాలంటే తెలుగు హోటల్‌కే వెళ్లాలి, కానీ ఆ రోజు వద్దు. నెయ్యి, నూనె ఎక్కువైతే కడుపు ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. మూడు గంటలు నిలబడి గెంతే చోట అది ఛాతీలో మంటగా తేలుతుంది. కాలే ఇనప పళ్లెంలో పొగలు కక్కుతూ తెచ్చే సిజ్లర్ కూడా మానేయండి. ఆ పొగ ఉన్ని కోటుకి పట్టుకుని కచేరీ అంతా మీ చుట్టూ ఉన్న అపరిచితులకి మీరేం తిన్నారో చెబుతూ ఉంటుంది.

ఇద్దరికి ఒక కూర, ఒక అన్నం, తలో నాన్ చాలు. కూర్చోగానే అడగకుండా అప్పడాలు, నాలుగు గిన్నెల చట్నీల పళ్లెం తెచ్చిపెడతారు. చాలాచోట్ల అది ఉచితం కాదు, మనిషికింత అని బిల్లులో పడుతుంది. వద్దనుకుంటే పెట్టకముందే చెప్పాలి. మామిడి లస్సీ ఇద్దరికి ఒకటి. బీరు తాగేవాళ్లు 660 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు ఆపేస్తే మంచిది, మరుగుదొడ్ల దగ్గర వరుస ఎంత పొడుగుంటుందో అక్కడికెళ్లాక తెలుస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో మద్యం లైసెన్సు ఉన్న హోటల్లో మామూలు కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలి, మొహమాటపడి సీసా నీళ్లు కొనక్కర్లేదు. ‘ఇండియన్ స్పైసీగా చేయమంటారా?’ అని సర్వర్ అడిగితే మన పౌరుషం ఆ ఒక్క పూటకి పక్కన పెట్టండి. నిలబడే టికెట్ అయితే జనం మధ్యలోంచి బయటపడటం కష్టం, బయటపడితే మళ్లీ ఆ చోటు దొరకడం ఇంకా కష్టం. జీడిపప్పు, బాదం, వేరుసెనగ పడనివాళ్లు కోర్మా, పసందా తెప్పించుకునే ముందు అడగాలి. చట్టం పేర్కొన్న 14 రకాల అలర్జీ పదార్థాల వివరం అక్కడి హోటల్ చెప్పి తీరాలి.

షుగర్ ఉన్న పెద్దవాళ్లకో మాట. ఐదింటికి తింటే తొమ్మిదిన్నరకి ఆకలేస్తుంది, లోపల దొరికేది చిప్స్, బర్గర్, పిజ్జా. మందుల టైము డాక్టర్‌ని ముందే అడిగి మార్చుకోండి, మాత్రలు అసలు ప్యాకింగ్‌లోనే ఉంచి డాక్టర్ చీటీతో సహా పట్టుకెళ్లండి.

టేబుల్ చెప్పుకునేటప్పుడే ‘కచేరీకి వెళ్లాలి, ఆరింటికి లేస్తాం, అన్నీ ఒకేసారి తెండి, ఆఖరి ప్లేటుతో పాటే బిల్లు కూడా’ అని చెప్పండి. వాళ్లకి ఇది కొత్తేం కాదు, టేబుల్ త్వరగా ఖాళీ అవుతుందని సంతోషిస్తారు. కార్డు మెషిన్ మీద ఎనిమిది మంది విడివిడిగా కడితే పది నిమిషాలు పోతాయి. ఒకరు కట్టి తర్వాత పంచుకోండి. లండన్ బిల్లుల్లో సాధారణంగా 12.5 శాతం సర్వీస్ చార్జి ముందే కలిపి ఉంటుంది. ఇష్టముంటేనే ఇవ్వాలని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అది కట్టాక మళ్లీ టిప్పు అక్కర్లేదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఆ డబ్బు మొత్తం సిబ్బందికే చేరాలని అక్కడ చట్టం ఉంది కాబట్టి, వడ్డన బాగుంటే తీసేయమనడం న్యాయం కాదు. అమెరికాలో 18 నుంచి 20 శాతం మనమే కలపాలి, ఆరుగురికి మించితే చాలాచోట్ల వాళ్లే కలిపేస్తారు. చూసి కట్టండి.

మిగిలింది పార్సిల్ కట్టించుకోవడం మన అలవాటు. ఆ రోజు వద్దు. బయటి తిండి చాలాచోట్ల లోపలికి రానివ్వరు, వెంబ్లీలో సంచి ఏ4 కాగితం సైజు మించకూడదు. ఇక్కడినుంచి పట్టుకెళ్లిన ఆవకాయ సీసా పిల్లలకిద్దామని చేతిసంచిలో ఉంచుకున్నా గేటు దగ్గర చెత్తబుట్టలోకే. ఒకసారి లోపలికెళ్లి బయటికొస్తే మళ్లీ రానివ్వరని కూడా గుర్తుంచుకోవాలి.

సెకండ్ షో వదిలాక విశాఖ జగదాంబ కూడలి దగ్గర ఏదో ఒకటి తినొచ్చు అన్న ధీమా అక్కడ పనికిరాదు. పదిన్నరకి చాలా వంటగదులు ఆఖరి ఆర్డర్ తీసేసుకుంటాయి. వెంబ్లీ నుంచి స్టేషన్ దాకా జనాన్ని విడతలు విడతలుగా ఆపి వదులుతారు, అరగంట పైనే పట్టొచ్చు. శుక్ర, శనివారాల్లో జూబ్లీ లైన్ రాత్రంతా నడుస్తుంది. మెట్రోపాలిటన్, డిస్ట్రిక్ట్ నడవవు. ఓ2 నుంచి ఈస్ట్ హామ్ వైపు వెళ్లేవాళ్లు బాగా ఆలస్యమైతే జూబ్లీలో స్ట్రాట్‌ఫర్డ్ దాకా వెళ్లి బస్సు పట్టుకోవాలి. ఆదివారం రైళ్లు ఇంకా ముందే ఆగిపోతాయి, ఆ రోజు కచేరీ అయితే ఆఖరి రైలు టైము చూసుకున్నాకే టికెట్ కొనండి.

ఇట్లు,
హోటల్ వృత్తిలో ఉన్న పాఠకులు,
విశాఖపట్నం