విప్ రాకముందే పని మొదలవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా ప్రతినిధుల సభలో ఉన్నట్టు మన పార్లమెంటులోనూ ఒక ప్రోగ్రెసివ్ కాకస్ ఉండాలన్న మాట హైదరాబాద్ సభల్లో వినిపిస్తోంది. కాకస్ అనగానే పాతతరం పాఠకులకు ఎమర్జెన్సీలో సంజయ్ గాంధీ చుట్టూ చేరిన గుంపు గుర్తుకు రావచ్చు. ఇక్కడ అడుగుతున్నది అది కాదు. పార్టీలోనే ఉంటూ, కూలి రేట్లు, వైద్యం, పన్నుల వంటి విషయాల్లో నాయకత్వాన్ని తమ దారికి లాగే ఎంపీల జట్టు. కోరిక మంచిదే. అయితే ఆ జట్టుకు అక్కడ బలం ఎలా వచ్చిందో చూడకుండా పేరు ఒక్కటే తెచ్చుకుంటే ఏడాదికో సదస్సు, నాలుగు ఫొటోలు మిగులుతాయి.

1991లో బెర్నీ శాండర్స్, రాన్ డెలమ్స్, మ్యాక్సిన్ వాటర్స్ వంటి కొద్దిమంది దాన్ని మొదలుపెట్టారు. 1995లో సభ నిబంధనలు మారి ఇలాంటి బృందాలకు సొంత బడ్జెట్, సొంత కార్యాలయం లేకుండా పోయాయి. అప్పటి నుంచి సభ్యులు తమ కార్యాలయ సిబ్బందినే పంచుకుని పని నడుపుతున్నారు. చాలాకాలం అది పేరుకే జట్టు. ఎవరైనా చేరవచ్చు, ఎలాగైనా ఓటేయవచ్చు. 2020 చివర్లో, చెన్నైలో పుట్టిన ప్రమీలా జయపాల్ నాయకత్వంలో పద్ధతి మార్చారు. ఇద్దరు అధ్యక్షుల బదులు ఒక్కరే ఉండాలి. కాకస్ అధికారికంగా ఒక వైఖరి తీసుకుంటే, అలాంటి ఓట్లలో మూడింట రెండు వంతులైనా సభ్యుడు దానికి కట్టుబడాలి.

మరుసటి ఏడాదే దాని ఫలితం కనిపించింది. 2021 సెప్టెంబరులో, కాకస్ సభ్యులున్న డెమొక్రాటిక్ పార్టీకి సభలో ఉన్న ఆధిక్యం ఎంత సన్నగా ఉందంటే, ముగ్గురికి మించి ఎదురుతిరిగితే సొంత బలంతో బిల్లు గట్టెక్కదు. సంక్షేమ బిల్లు కదిలేదాకా మౌలిక వసతుల బిల్లుకు ఓటేయబోమని కాకస్ పట్టుబట్టింది. సెప్టెంబరు 30న జరగాల్సిన ఓటింగ్ ఆగింది. నవంబరు 5న మితవాద సభ్యుల హామీ పత్రం తీసుకుని కాకస్ పట్టు సడలించింది. బిల్లు 228-206తో నెగ్గింది. సంక్షేమ బిల్లు ఆ నెల్లోనే ప్రతినిధుల సభ దాటినా, డిసెంబరులో ఎగువ సభలోని సొంత పార్టీ సెనేటర్ జో మాంచిన్ వద్దనడంతో ఆగిపోయింది. రెండు బిల్లులనూ కలిపి కట్టిన ముడి విప్పాక చేతిలో మిగిలింది హామీ కాగితమే. మా దృష్టిలో అది పొరపాటు.

మనకు పాఠం నవంబరు 5 నాటి ఓటింగులో ఇంకోటి ఉంది. సొంత పార్టీ బిల్లుకు ఆరుగురు డెమొక్రాట్లు వ్యతిరేకంగా ఓటేశారు. అందుకు ఎవరి సభ్యత్వమూ రద్దు కాలేదు. బ్రిటన్‌లో 2024 జులైలో పిల్లల భత్యంపై ఉన్న పరిమితి విషయంలో ఎదురుతిరిగిన ఏడుగురు లేబర్ ఎంపీలను పార్టీ పార్లమెంటరీ పక్షం నుంచి సస్పెండ్ చేశారు. సీటు మాత్రం వారిదే.

మన దగ్గర సీటే పోతుంది. 1985లో 52వ సవరణతో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం, పార్టీ ఆదేశానికి, అంటే విప్‌కు, విరుద్ధంగా ఓటేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ 15 రోజుల్లో క్షమించకపోతే అనర్హత వేటుకు దారి తెరుచుకుంటుంది. మూడింట ఒక వంతు మంది చీలితే దొరికే రక్షణను 2003లో 91వ సవరణ తీసేసింది. అందుకే అమెరికా కాకస్ చేతిలోని ప్రధాన ఆయుధం, అంటే ఓటు ఆపుతామన్న బెదిరింపు, మన ఎంపీకి లేదు. విప్‌ను విశ్వాస పరీక్షకే పరిమితం చేయాలని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. 1992లో కిహోటో హొల్లోహన్ కేసులో సుప్రీంకోర్టు షెడ్యూలును సమర్థిస్తూనే, అనర్హత తెచ్చే ఆదేశాలు విశ్వాస ఓటింగుకూ, పార్టీ మూల విధానాలకూ పరిమితం కావాలంది. పార్టీలకు ఆ మాట ఎక్కలేదు. కాంగ్రెస్ నేత మనీశ్ తివారీ 2010 నుంచి ఈ మార్పు కోరుతూ ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టేది) పెడుతూనే ఉన్నారు. ప్రైవేటు బిల్లు చట్టమైనది చివరిసారి 1970లో! 1952 నుంచి ఇప్పటికి మొత్తం 14.

అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. విప్ రాకముందు జరిగే పని చాలా ఉంది, అన్నిటికంటే ముఖ్యమైనది స్థాయీ సంఘం, అంటే బిల్లులను పరిశీలించే అన్ని పార్టీల ఎంపీల కమిటీ. 24 సంఘాలు, ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. అక్కడ విప్ ఉండదు, కెమెరాలూ ఉండవు. 2004 డిసెంబరులో ఉపాధి హామీ బిల్లు పెట్టినప్పుడు దాన్ని దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకే ఇవ్వాలనుకున్నారు. బీజేపీకి చెందిన కల్యాణ్ సింగ్ అధ్యక్షతన ఉన్న గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం ఆ గీత చెరిపేయాలంది. బయట ఉద్యమకారులూ, వామపక్షాలూ అదే అడిగారు. చివరికి గ్రామీణ కుటుంబాలన్నిటికీ వర్తించే చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది ఆ పథకమే. ప్రతిపక్ష అధ్యక్షుడితో, వేర్వేరు పార్టీల సభ్యులతో అంత పని జరిగింది. అయితే సంఘాలకు వెళ్లే బిల్లుల వాటా 15వ లోక్‌సభలో 71 శాతం ఉంటే 17వ లోక్‌సభలో 16 శాతానికి దిగింది. ఏ కాకస్ అయినా ముందు అడగాల్సింది బిల్లును సంఘానికి పంపమనే.

సభలో పని సమయంతో పందెం. లోక్‌సభలో బిల్లుకు సవరణ నోటీసు ఒకరోజు ముందు ఇవ్వాలి. 2019 ఆగస్టు 5న రాజ్యసభలో జమ్మూకశ్మీర్ పునర్విభజన బిల్లులా ఉదయం పెట్టి సాయంత్రానికి ఆమోదిస్తే సవరణ రాసే తీరికే దొరకదు. ఓట్ల లెక్కింపు (డివిజన్) అడిగేవారు తమ సీట్లో ఉండి అడగాలి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లులపై డివిజన్ ఇవ్వకపోవడానికి ఉపసభాపతి చెప్పిన కారణం సభ్యులు సీట్లలో లేరనే. ప్రతిపక్షం ఒప్పుకోలేదు, బిల్లులు మూజువాణితో గట్టెక్కాయి. అవిశ్వాస తీర్మానానికి 50 మంది లేచి నిలబడాలి, వారిని లెక్కపెట్టాలంటే సభ సద్దుమణగాలి. 2018 మార్చిలో టీడీపీ, వైసీపీ నోటీసులు రోజుల తరబడి అలాగే ఉండిపోయాయి. అన్నాడీఎంకే, టీఆర్ఎస్ సభ్యులు తమ డిమాండ్లతో వెల్‌లో ఉండటంతో లెక్క కుదరలేదు. చర్చకు వచ్చింది జులై 20న.

సంతకాల విషయంలో జాగ్రత్త. 2022లో ఉక్రెయిన్‌పై చర్చలు జరపాలని కోరుతూ 30 మంది సంతకాలతో బైడెన్‌కు ప్రోగ్రెసివ్ కాకస్ రాసిన లేఖ వేసవి నాటిది. అక్టోబరు 24న బయటపెట్టి మర్నాడే వెనక్కి తీసుకున్నారు. నెలల పాత సంతకాన్ని మళ్లీ అడగకుండా వాడినందుకు వచ్చిన చిక్కు అది. మన దగ్గర ఇలాంటి విజ్ఞప్తి రాస్తే ప్రతి సంతకం పక్కన తేదీ, వారం దాటితే మళ్లీ ఫోను.

రెండు తెలుగు రాష్ట్రాలకు లోక్‌సభలో 42, రాజ్యసభలో 18 సీట్లున్నాయి. మంత్రులు స్థాయీ సంఘాల్లో ఉండరు. మిగిలినవాళ్లు ఎవరు ఏ సంఘంలో ఉన్నారో ఒక పేజీ పట్టికలో పెట్టవచ్చు. సంఘాల కాలపరిమితి ఏడాదే కాబట్టి పట్టికనూ ఏటా మార్చాలి. బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయన సంస్థ సెస్, శామీర్‌పేటలోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ వంటి చోట్ల చదివినవారు ముగ్గురు నలుగురు చాలు, సంఘం ముందుకు వచ్చే ప్రతి బిల్లుకూ రెండు పేజీల టిప్పణి, సవరణ ముసాయిదా సిద్ధం చేయడానికి. పార్టీ ఏదైనా సరే, అడిగిన ఎంపీకల్లా అదే కాగితం ఇవ్వాలి. సంఘాలు బిల్లుపై ప్రజల అభిప్రాయాలు కోరుతూ పత్రికల్లో ప్రకటన ఇస్తాయి. గడువు సాధారణంగా రెండు వారాలు. ఆ ప్రకటన కంటపడ్డ రోజే పని మొదలుపెట్టాలి.

– పార్లమెంటు నిబంధనలు చదివే మిత్రులం,
బాగ్‌లింగంపల్లి, హైదరాబాద్