బిగ్ బ్యాంగ్‌కి ఏమీ కాలేదండీ

సంపాదకుల వారికి,

మొన్న మీ సైన్స్ పేజీలో ‘బిగ్ బ్యాంగ్ అబద్ధమేనా?’ అని అంతంత అక్షరాల్లో వేశారు, తీరా కింద వార్త చదివితే అందులో ఆ ముక్కే లేదు. తొలినాటి విశ్వంలో అనుకున్న దానికంటే పెద్దగా, కాంతిమంతంగా ఉన్న గెలాక్సీలు జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కి కనబడ్డాయి, అవి విశ్వం ఎలా ఎదిగిందో కంప్యూటర్‌లో నడిపి చూసే లెక్కలతో (వీటినే సిమ్యులేషన్లంటారు) పొసగడం లేదు, అంతే. ఆ లెక్కల్లో ఏముంటుందో ఒక్క పేరా రాసి ఉంటే ఆ హెడ్డింగ్ పెట్టే అవసరమే వచ్చేది కాదు.

2005లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ కంప్యూటర్ల మీద నడిపిన మిలీనియం సిమ్యులేషన్‌నే తీసుకోండి. వెయ్యి కోట్లకు పైగా కణాలు (కణమంటే ఇక్కడ లెక్క కోసం ఒకే చుక్కగా తీసుకున్న పదార్థపు ముద్ద), 512 ప్రాసెసర్లు, దాదాపు నెల రోజుల పని. ఇంతా చేస్తే అందులో ఒక్కో కణం బరువు వంద కోట్ల సూర్యుళ్ల పైమాటే! నక్షత్రం అన్నదే అందులో కనపడదు, కంటికి కనబడకుండా గురుత్వాకర్షణ వల్లే ఉనికి తెలిసే డార్క్ మ్యాటర్ ఎక్కడెక్కడ ఎలా పోగుపడుతుందో లెక్కగట్టి, గెలాక్సీలను తర్వాత వేరే సూత్రాలతో చేర్చారు. ఆపైన వచ్చినవి గ్యాస్‌ను కూడా లెక్కలోకి తెచ్చాయి, చాలా సూక్ష్మంగా వెళ్లాయి, కానీ విశ్వంలో ఓ పెద్ద భాగం తీసుకుని ప్రతి నక్షత్రాన్నీ విడివిడిగా లెక్కగట్టే మిషన్ ఇప్పటికీ లేదు. అందుకని గ్యాస్ ఎంత చిక్కబడితే ఎన్ని నక్షత్రాలు పుడతాయో, అవి పేలినప్పుడు ఎంత గ్యాస్ బయటికి పోతుందో మనుషులే సూత్రం రాసిపెడతారు, దాన్ని ఎక్కువగా మన దగ్గర్లోని గెలాక్సీలను చూసి సరిచేసుకుంటారు. వెబ్ దెబ్బ ముఖ్యంగా తగిలింది ఈ అంచనాలకి.

2023లో అమెరికాలో ఫైర్ అనే సిమ్యులేషన్లతో పనిచేసేవాళ్లు ఒకటి చూపించారు: ఆ తొలి గెలాక్సీల్లో నక్షత్రాలు నిలకడగా కాకుండా ఉండుండి ఒక్కసారిగా గుంపులుగా పుడితే, అలా పుట్టినప్పుడల్లా చిన్న గెలాక్సీ కూడా పెద్దదానిలా వెలుగుతుంది. 2024లో ఇంకో బృందం, కొన్నిట్లో కాంతి నక్షత్రాలది కాదు, బ్లాక్‌హోల్ మింగుతున్న వేడి గ్యాస్‌ది, అది తీసేస్తే గెలాక్సీ బరువు తగ్గుతుందని చెప్పింది. ఇంకా పూర్తిగా తేలలేదు, తేలనివ్వండి. బిగ్ బ్యాంగ్ నిలబడింది విశ్వానికి 3,80,000 ఏళ్లప్పుడు బయల్దేరిన, ఇప్పటికీ మైక్రోవేవ్‌లుగా మనకు అందుతున్న వెలుగు మీద, హైడ్రోజన్, హీలియం పాళ్ల మీద. వాటినెవరూ కదపలేదు.

ఇంకో సంగతి. బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సారస్-2 అనే రేడియో పరికరాన్ని మా పక్కనే, అప్పటి అనంతపురం జిల్లాలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ స్థలంలో పెట్టి, తొలి నక్షత్రాల కాలంనాటి హైడ్రోజన్ ఆనవాలు కోసం వెతికారు. ఇలాంటి పనికి ఎఫ్ఎం, సెల్‌ఫోన్ల గోల లేని చోటు కావాలి మరి. ఆనవాలు దొరకలేదు, అయితే దొరక్కపోవడం వల్లే కంప్యూటర్లలో వేసిన మోడళ్లలో కొన్నిటిని కొట్టేయగలిగారు. మోడల్ కొట్టుకుపోవడం ఈ పనిలో మామూలే, దానికి కొంపలు మునిగినట్టు ఎవరూ రాయలేదు. ఆ మాటకొస్తే మన జిల్లా పేజీల్లో ఆ వార్తే నేను చూడలేదు. వచ్చేసారి ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీకి హెడ్డింగ్ తగిలించే ముందు మీ విలేకరి చేత ఆ బెంగళూరు వాళ్లకో ఫోన్ చేయించండి, ఖర్చేమీ కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ధర్మవరం