వార్షిక నివేదిక: పారిష్ వీధి నడక, మరికొన్ని పనులు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. పులిహోర చాలలేదన్న ఫిర్యాదు కూడా ఎప్పటిలాగే వచ్చింది. జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు. ఇక ఏడాది పొడుగునా ఎక్కువమంది నన్ను అడిగింది నార్త్ కరోలినాలోని మన డర్హమ్ ఊళ్ళో, నల్లజాతి వ్యాపారుల చరిత్ర తెలుసుకుంటూ చేసిన పారిష్ వీధి నడక గురించే. "మన సంఘం డబ్బుతో నల్లజాతి వాళ్ళ చరిత్ర ఎందుకండీ?" అని కమిటీ మీటింగులో ఒక పెద్దాయన అడిగారు. మొదటి బ్యాచ్‌కి అందరికంటే ముందొచ్చి నిలబడ్డదీ ఆయనే.

1900 ప్రాంతంలో డర్హమ్ పొగాకు ఫ్యాక్టరీల చిన్న ఊరు. జాన్ మెరిక్ 1859లో బానిసగా పుట్టారు. తాపీపని చేశారు, బూట్లు పాలిష్ చేశారు, క్షౌరం నేర్చుకుని 1880లో ఈ ఊరొచ్చారు. పొగాకు కోటీశ్వరుడు వాషింగ్టన్ డ్యూక్ కూడా ఆయన కుర్చీలో కూర్చునేవాడు. పోనుపోను మెరిక్‌కి తెల్లవాళ్ళ కోసం కొన్ని, నల్లవాళ్ళ కోసం కొన్ని షాపులు అయ్యాయి. ఒకే యజమాని, గుమ్మాలు మాత్రం వేరు. ఆ రోజులు అలాంటివి.

1898లో మెరిక్, ఊళ్ళో తొలి నల్లజాతి డాక్టర్ ఆరన్ మూర్, మరో ఐదుగురు తలా 50 డాలర్లు వేసుకుని నార్త్ కరోలినా మ్యూచువల్ బీమా కంపెనీ పెట్టారు. ఆ నవంబరులోనే విల్మింగ్టన్‌లో తెల్లజాతి మూక ఎన్నికైన నగర పాలకవర్గాన్ని తుపాకులతో దించేసి, నల్లవాళ్ళను ఊచకోత కోసింది. ఈ రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే ఏడాది జరిగాయని విన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మొదటి క్లెయిమ్ 40 డాలర్లు. పెట్టెలో అంత లేదు, సొంత జేబుల్లోంచి తీసి ఇచ్చారు. త్వరలోనే భాగస్వాములు ఒక్కొక్కరూ తప్పుకున్నారు, మెరిక్, మూర్ మిగిలారు. మూర్ బంధువు సి.సి. స్పాల్డింగ్‌ను మేనేజరుగా పెట్టుకున్నారు. పొద్దున్నే చొక్కా చేతులు మడిచి ఆఫీసు ఊడ్చేవాడట, చేతులు దించితే ఏజెంటు, కోటు వేసుకుంటే జనరల్ మేనేజరు! పాలసీదారులు కూలీనాలీ చేసుకునేవాళ్ళు. ఏజెంట్లు వారం వారం ఇంటింటికీ తిరిగి సెంట్ల లెక్కన వసూలు చేసేవారు. మా ఊళ్ళో సంచీ వేసుకుని సైకిల్ మీద వచ్చే చిట్టీ మనిషి గుర్తొచ్చాడు నాకు.

1908లో మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంకు తెరిచారు. తొలి అధ్యక్షుడు ఆర్.బి. ఫిట్జ్‌జెరాల్డ్ ఇటుకబట్టీ యజమాని. 1921లో పారిష్ వీధిలో కట్టిన ఆరంతస్తుల బీమా కంపెనీ భవనం ఇప్పటికీ ఉంది. మనం దాని ముందే గ్రూప్ ఫోటో దిగాం. ఫోటోలో సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు, అది వేరే విషయం. బీమా కంపెనీ 2022లో కోర్టు ఆదేశంతో లిక్విడేషన్‌లోకి వెళ్ళింది. బ్యాంకు మాత్రం నడుస్తోంది. చాలా విషయాల్లో పొసగని నల్లజాతి నాయకులు బుకర్ టి. వాషింగ్టన్, డుబాయిస్ ఇద్దరూ వచ్చి చూసి మెచ్చుకున్న వీధి ఇది.

ఇక ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు. మనలో చాలామంది రోజూ ఆఫీసుకు వెళ్ళే 147 హైవే కింద హేటై అనే పేట ఉండేది. రాతలో హయిటీలా కనిపిస్తుంది గానీ ఇక్కడివాళ్ళు హేటై అనే పలుకుతారు. షాపులు, చర్చిలు, డాక్టర్ల ఇళ్ళు, అన్నీ నల్లవాళ్ళవే. 1958 తర్వాత పట్టణ పునరుద్ధరణ పేరుతో వందలాది వ్యాపారాలు, ఇళ్ళు కూల్చేశారు, మధ్యలోంచి రోడ్డు వేశారు. పదకొండేళ్ళుగా ఆ రోడ్డు మీద పోతూ ట్రాఫిక్‌ని తిట్టుకోవడమే తప్ప నాకు ఈ సంగతి తెలీదు.

రెండో బ్యాచ్ వాళ్ళలో ఇద్దరికి పార్కింగ్ ఫైన్ పడింది. మీటరు సంగతి నేను ముందే చెప్పాల్సింది, క్షమించాలి.

వచ్చే ఏడాది హేటైలో మిగిలిన పాత సెయింట్ జోసెఫ్స్ చర్చి భవనం దాకా ఫయెట్‌విల్ వీధిలో నడుద్దాం. పేర్లు ఇప్పటినుంచే ఇవ్వండి. నీళ్ళ సీసాలు, గొడుగులు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.

కార్యదర్శి