ఎక్కువ ఓట్లు పడితే న్యాయమైపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

ఎక్కువ మంది ఓటేశారు కాబట్టి అదే న్యాయం అనే మాట చర్చల్లో తరచుగా వినిపిస్తోంది. వింటే నాకు భయం వేస్తుంది. స్విట్జర్లాండ్ సంగతే చూడండి. స్త్రీలకు ఓటు ఇవ్వాలా వద్దా అని 1959లో ప్రజాభిప్రాయం కోరారు. ఓటేసింది మాత్రం మగవాళ్లే! మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. చివరికి జాతీయ ఎన్నికల్లో ఆ హక్కు దక్కింది 1971లో. అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న రాష్ట్రం స్థానిక ఓటుకు అప్పటికీ ఒప్పుకోలేదు. అక్కడి మగవాళ్లు 1990 ఏప్రిల్‌లో కూడా చేతులెత్తి కాదన్నారు. ఆ నవంబరులో దేశ అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెబితే గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. ప్రజాస్వామ్యానికి పేరుపొందిన దేశంలోనే ఇలా జరిగింది!

ఓటు వచ్చాక ఇంటి లోపలి చట్టమూ మారింది. కుటుంబ పెద్ద భర్తే, భార్య ఉద్యోగానికి ఆయన సమ్మతి కావాలి అన్న పాత నియమాలను తీసేసే చట్టానికి 1985లో జనం ఆమోదం తెలిపారు. 1988లో అది అమల్లోకి వచ్చింది. ఈసారి ఓటర్ల వరుసలో స్త్రీలూ ఉన్నారు.

కోర్టులు ప్రజాతీర్పుకు అడ్డుపడుతున్నాయనే వ్యాసాలు వేసేటప్పుడు, ఆ తీర్పులో గొంతు దక్కనివారి మాటకూ అదే పేజీలో చోటివ్వమని మిమ్మల్ని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు