ఆగస్టు నెల వార్తాలేఖ: చేపల తొట్టె సంగతి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

మామూలుగా ఈ లేఖ పరీక్షల తేదీలతో మొదలవుతుంది. ఈసారి అవి కిందికి జరిగాయి. వారం రోజులుగా గేటు దగ్గరా, తరగతుల వాట్సాప్ గ్రూపుల్లోనూ నడుస్తున్న మాట ఒక్కటే: ఆఫీసు రూము ముందు తొట్టెలో చేపలు చచ్చిపోయాయట అని. నిజమే. పంద్రాగస్టు నాడు 14 గప్పీలు, అంటే చిన్న రంగు చేపలు, వేశాం. మర్నాడు కృష్ణాష్టమి, ఆ మర్నాడు ఆదివారం. సోమవారం పొద్దున ఆయా వచ్చి తాళం తీసేసరికి 11 తేలి ఉన్నాయి. ఎవరో ఏదో కలిపారని ఒకరు, కరెంటు షాక్ కొట్టిందని ఒకరు రాశారు. రెండూ కాదు. తప్పు నాది.

ఎలా నాదో వివరంగా చెప్తాను. మన భీమవరం చుట్టుపక్కల సగంమంది చేపల, రొయ్యల చెరువులు చేసేవాళ్ళే కాబట్టి పైపైన చెప్తే మీరు నమ్మరు కూడా. ఆగస్టు 4న ఎనిమిదో తరగతి పిల్లలు ఈ తొట్టె పెట్టారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నింపితే బరువు యాభై కిలోలు దాటుతుంది కనుక పాత ల్యాబ్ బల్ల మీద, కింద థర్మోకోల్ షీటు వేసి పెట్టాం. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు లేదు, ఖరీదైన లైట్లు లేవు. అడుగున పేడ, ఎరువు కలవని తోట మట్టి జల్లించి ఒక అంగుళం, దాని మీద గోదారి ఇసుక అంగుళంన్నర. ఆ ఇసుక కడగడానికే ఒక పూట పట్టింది. బకెట్‌లో నీళ్ళు తేటగా వచ్చేదాకా పన్నెండుసార్లు కడిగారు, లెక్క వాళ్ళ నోట్‌బుక్‌లో ఉంది. మన బోరు నీళ్ళు ఉప్పన, పనికిరావు. మున్సిపల్ కుళాయి నీళ్ళు పట్టి, క్లోరిన్ పోవడానికి రెండు రోజులు మూత లేకుండా వదిలేసి, మట్టి లేవకుండా ఇసుక మీద పళ్ళెం పెట్టి దాని మీద సన్నటి ధారగా పోశారు. కాలువలోంచి తెచ్చి శుభ్రంగా కడిగిన హైడ్రిల్లా, వాలిస్నేరియా అనే నీటి మొక్కలు నాటారు. జావా ఫెర్న్ అనే ఇంకో నీటి మొక్కని మాత్రం రాయికి దారంతో కట్టారు, దాని దుంప ఇసుకలో పూడిస్తే కుళ్ళిపోతుంది. వెలుతురుకి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, రోజుకు ఏడు గంటలు. అంతే.

ఇక్కడిదాకా పిల్లలు ఒక్క తప్పూ చేయలేదు. ఆ తర్వాత చేయాల్సింది ఆగడం. చేపల మలం, మిగిలిపోయిన మేత కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. కొత్త మట్టిలోంచి కూడా కొంత వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ చేపకి విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తే అప్పుడు పెద్దగా ప్రమాదం ఉండదు, దాన్ని మొక్కలు తీసుకుంటాయి. ఈ బ్యాక్టీరియా ఇసుకలో, ఆకుల మీద నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీకు నేను చెప్పాలా? నీళ్ళు తయారవకుండా మీరెవరైనా చెరువులో సీడ్, అంటే చేప పిల్లల్ని, వేస్తారా?

నేను వేయించాను. పదకొండు రోజులకే. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించేటప్పుడు తొట్టె ఖాళీగా ఉంటే ఏం బాగుంటుందనిపించింది. 14వ తేదీ సాయంత్రం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు టెస్ట్ ట్యూబ్ పట్టుకుని నా రూముకొచ్చి, "మేడమ్, నైట్రైట్ ఇంకా గులాబీ రంగే చూపిస్తోంది" అంది. అంటే ఆ విషం నీళ్ళలో ఇంకా ఉందన్నమాట. "మూడు రోజులకేం కాదులేమ్మా" అన్నాను. ఆ మాట కూడా తన నోట్‌బుక్‌లో రాసుకుంది, తేదీ, టైముతో సహా. దానికి తోడు జెండా పండగ లడ్డూల్లోంచి పిల్లలు ప్రేమగా వేసిన బూందీ గింజలు. సోమవారం చూస్తే వాలిస్నేరియా మొదళ్ళలో తెల్లగా బూజు పట్టి ఉన్నాయి.

ఆ నోట్‌బుక్ గురించి చెప్పకుండా ఉండలేను. 60 పేజీల మామూలు రూళ్ళ పుస్తకం. రోజూ ఉదయం తొమ్మిదింటికి నీళ్ళ వేడి, రంగు, మొక్కల పొడవు, ఏ ఆకు పసుపయింది, నత్త ఎక్కడుంది, అన్నీ ఉన్నాయి. ఒకరోజు "ఈరోజు ఏమీ మారలేదు" అని మాత్రమే ఉంది. నా 26 ఏళ్ళ ఉద్యోగంలో పిల్లల చేతిరాతలో నేను చదివిన మంచి వాక్యాల్లో అదొకటి! చూసింది చూసినట్టు రాయడం, కనపడనిది కనపడలేదని రాయడం, దీనికి మించిన సైన్సు నాకు తెలియదు. మార్కులు దీనికి లేవు, ర్యాంకులు లేవు, ఒలింపియాడ్ లేదు. అయినా మధ్యాహ్నం బెల్లు కొట్టాక అన్నం మానుకుని, హైడ్రిల్లా ఆకుల నుంచి బుడగలు ఎలా లేస్తున్నాయో ముక్కు అద్దానికి ఆనించి లెక్కపెట్టే పిల్లల్ని ఒకసారి వచ్చి చూడండి. పదో తరగతిలో వాళ్ళు బొమ్మ గీసి బట్టీ పట్టబోయే ప్రయోగం అది. ఆరో తరగతి బాబు ఒకడు, వాళ్ళ నాన్నగారికి ఉండి ఊరి దగ్గర చేపల చెరువు ఉంది, చచ్చిన చేపల్ని చూసి ఏడవలేదు. "తెల్లవారుజామున ఊపిరాడక పైకొచ్చి నోళ్ళు తెరిచి ఉంటాయి మేడమ్, మనం చూసుకోలేదు" అన్నాడు. పేర్లు రాయాలనే ఉంది కానీ కిందటిసారి రాస్తే దిష్టి తగులుతుందని ఒక అమ్మమ్మగారు ఫోన్ చేశారు.

ఇక మీ సలహాలు. "ఈ రాత్రికే 11 కొత్త గప్పీలు తెచ్చి పడేస్తే పిల్లలకి తెలియదు, డబ్బు నేనిస్తాను" అని నలుగురు చెప్పారు. మీ మనసు పెద్దది, కృతజ్ఞతలు. కానీ పిల్లలకి తెలియాలి. అన్యథా భావించకండి, సైన్సు ఫెయిర్‌కి షాపులో కొన్న అగ్నిపర్వతాలు తొమ్మిది వచ్చినప్పుడు కూడా నాకు ఇదే బాధ. తొమ్మిదీ ఒకే షాపువి, ఒకే ఎరుపు. బడికి ఆలస్యమైతే అమ్మ సారీ చెప్తోంది, హోంవర్కు మర్చిపోతే నాన్న స్కూటర్ మీద తెచ్చిస్తున్నారు. వాళ్ళ తప్పులు వాళ్ళకి కాస్త మిగల్చండి, దయచేసి.

తొట్టె శుభ్రం చేస్తుందని ఒకరు సక్కర్ చేప పంపారు. వెనక్కి ఇచ్చేశాను. అది అడుగు దాటి పెరుగుతుంది, ఆ తర్వాత అందరూ దాన్ని పట్టుకెళ్ళి కాలువలో వదిలేస్తారు. దాని ముళ్ళకి వలలు ఎలా చిరుగుతాయో చేపలు పట్టేవాళ్ళని అడగండి. గప్పీలైనా సరే, ఏ తొట్టె చేపనీ కాలువలో వదలకండి.

దోమల గురించి రాసినవారికి: మిగిలిన మూడు గప్పీలు తొట్టెలోనే ఉన్నాయి, దోమ పిల్లల సంగతి అవి చూసుకుంటాయి. మున్సిపాలిటీలు చెరువుల్లో గంబూసియా చేపల్ని వదిలేది కూడా అందుకే. మీ ఇంట్లో కూలర్ అడుగు నీళ్ళూ, పూలకుండీల కింద పళ్ళేలూ ఆదివారం ఒకసారి పారబోయండి. ఈ నెల జ్వరాలతో సెలవు పెట్టిన పిల్లల్లో తొట్టె దగ్గర నిలబడేవాళ్ళు ఒక్కరూ లేరు.

పరీక్షల టైమ్‌టేబుల్ డైరీల్లో అంటించాం, చూసి సంతకం పెట్టండి. 27న వినాయక చవితి సెలవు. మట్టి గణపతి పోటీకి మట్టి బడిలోనే ఇస్తాం, కొనకండి. ఆకివీడు వ్యాను సోమవారం నుంచి పది నిమిషాలు ముందు వస్తుంది. రెండో టర్మ్ ఫీజు సంగతి మీకు తెలిసిందే.

టిఫిన్ బాక్సు అని చెప్పి బిస్కెట్ ప్యాకెట్ పంపడం గురించి జూలైలో రాశాను, జూన్‌లోనూ రాశాను. తొట్టెలో మేత ఎక్కువైతే ఏమవుతుందో మీ పిల్లలే ఇప్పుడు మీకు చెప్పగలరు.

నీళ్ళు తయారయ్యాక వేయబోయేది ఆరు జీబ్రా డానియోలు. వేలెడంత కూడా ఉండవు, ఒంటి మీద నీలం చారలు. మన దేశపు వరి చేలల్లో, వాగుల్లో బతికే చేప, 1822లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త హామిల్టన్ గంగా పరీవాహక ప్రాంతపు చేపల గురించి రాస్తూ దీన్ని నమోదు చేశాడు. ఇప్పుడు ప్రపంచమంతా ల్యాబుల్లో పెంచుతున్నారు, మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దీనిలో జత ఉందని 2013లో తేల్చారు. ఎప్పుడు వేస్తామని అడగకండి. రోజూ పది లీటర్లు తీసి పది లీటర్లు పోస్తున్నాం, బల్బు ఏడు గంటలే. నైట్రైట్ సున్నా వచ్చి, వారం పాటు సున్నాగానే ఉండాలి. ఆ నిర్ణయం నాది కాదు, నోట్‌బుక్ రాసే అమ్మాయిది. ఈ ఉదయం అడిగితే ట్యూబు కిటికీ వైపు ఎత్తి చూసి, "ఇంకా లేదు మేడమ్" అంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
ఆగస్టు 23