రగ్బీ పిల్లల తలదెబ్బలకు ఒక పుస్తకం పెట్టండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

రగ్బీ అంటే బంతి చేతపట్టుకుని పరిగెత్తేవాణ్ణి ఎదుటివాళ్లు ఒంటితో ఢీకొట్టి పడగొట్టే ఆట. 2025 జూన్‌లో ముంబైలో మొదటి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. అందులో మన హైదరాబాద్ హీరోస్ కూడా ఆడింది. అప్పటి నుంచీ ఊరి నుంచి ఫోన్ వస్తే ఈ ఆట మాట ఒకసారైనా వస్తోంది. మొన్న మా పిన్ని కొడుకు అడిగాడు: "అక్కా, మీరుండేది రగ్బీ దేశమే కదా. మావాడు తొమ్మిదో తరగతిలోనే నా భుజం దాటాడు, కబడ్డీ బాగా ఆడతాడు. రగ్బీలో పెట్టమని డ్రిల్ మాస్టారు అంటున్నారు. రాష్ట్ర జట్టుకు ఆడితే ఎక్కడో ఒకచోట స్పోర్ట్స్ కోటా తగలదా?" ఫోన్లో వాడికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇదే ప్రశ్న ఇంకా చాలా ఇళ్లలో ఉంటుందనిపించి మీకు రాస్తున్నాను.

మేము న్యూజిలాండ్‌లో వైకాటో ప్రాంతంలోని హామిల్టన్‌లో 16 ఏళ్లుగా ఉంటున్నాం. బయటి ప్రపంచానికి తెలిసింది ఆల్‌బ్లాక్స్, అంటే దేశపు జట్టు. కానీ ఈ ఊరివాళ్ల ప్రాణమంతా ప్రావిన్స్ జట్టు మీదే. 14 ప్రావిన్సులు ఇంచుమించు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా తలపడతాయి. ఒక్కో జట్టుకు పది లీగ్ మ్యాచులు, తర్వాత క్వార్టర్స్, సెమీస్, ఫైనల్. దీనికి తోడు రాన్‌ఫర్లీ షీల్డ్ అని ఒక చెక్క డాలు ఉంది. 1904 నుంచి దాని కోసం పోటీలు జరుగుతున్నాయి. అది ఎవరి దగ్గరుంటే వాళ్లు సొంత మైదానంలో కాపాడుకోవాలి, ఓడితే వచ్చినవాళ్లు పట్టుకుపోతారు. ఆక్లాండ్ ఆ డాలును వరుసగా 61 సార్లు కాపాడుకుంటే, 1993లో వైకాటో వెళ్లి ఆక్లాండ్ సొంత గడ్డ మీదే గెలిచి తెచ్చుకుంది. ఆ రోజు తాము ఎక్కడ ఉన్నామో, ఎవరి ఇంట్లో చూశామో ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

వైకాటో పాడి ప్రాంతం. అందుకే జట్టు గుర్తు ఆవు. జనం మైదానానికి ఆవు మెడలో కట్టే గంటలు పట్టుకొచ్చి మోగిస్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ గంటల చప్పుడుకి మా ఊళ్లో సాయంత్రం పశువులు ఇళ్లకు మళ్లే వేళ గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. 1961లో ఇక్కడి క్లార్క్ కుటుంబంలోని ఐదుగురు అన్నదమ్ములూ ఒకే మ్యాచ్‌లో వైకాటో జెర్సీతో దిగారు. అప్పట్లో ఆటకు జీతం లేదు. పాలు పితికి వచ్చి ఆడేవాళ్లు, ఆడి మళ్లీ పాకలోకి వెళ్లేవాళ్లు. 1995 ఆగస్టులో కానీ ఈ ఆటలో డబ్బు తీసుకోవచ్చని ఒప్పుకోలేదు. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నాకు ఈ ఆట మీద కోపం లేదు. ఇష్టం. మా అబ్బాయి కూడా ఆడతాడు.

ప్రావిన్స్ ఆటగాడి బతుకు గురించి అడిగితే ఇక్కడ అందరూ మొదట చెప్పేది స్టీఫెన్ డొనాల్డ్ కథ. వైకాటో కుర్రాడు. 2006లో ఈ ప్రావిన్స్ ఛాంపియన్ అయినప్పుడు జట్టులో ఉన్నాడు, ఆల్‌బ్లాక్స్‌కూ ఆడాడు. 2010లో ఆస్ట్రేలియాతో హాంకాంగ్‌లో ఓడిన మ్యాచ్ తర్వాత నింద మొత్తం అతని మీద పడింది. 2011 ప్రపంచకప్ ఇక్కడే జరిగితే జట్టులోకి తీసుకోలేదు. ఇంగ్లండ్‌లోని బాత్ క్లబ్బుకు వెళ్లిపోవడానికి సిద్ధమై, వైకాటో నదిలో వైట్‌బెయిట్ పడుతూ కూర్చున్నాడు. వైట్‌బెయిట్ అంటే మన చీరమేను లాంటి సన్న చేపపిల్లలు. మా యానాం వైపు గౌతమి సముద్రంలో కలిసేచోట చీరలు వలగా పట్టి వాటిని ఎత్తే నెలలూ, ఇక్కడ ఏటి ఒడ్డున వలలు వేసే నెలలూ దాదాపు ఒకటే. ఈలోగా జట్టులో అతని స్థానంలోనే ఆడే డాన్ కార్టర్ గాయపడ్డాడు, తర్వాత కాలిన్ స్లేడ్ గాయపడ్డాడు. కోచ్ గ్రాహమ్ హెన్రీ నుంచి డొనాల్డ్‌కు ఫోన్ వచ్చింది. ఫైనల్లో ఆరన్ క్రూడెన్ కూడా మోకాలు పట్టుకుని బయటకు వెళ్తే, చాలీచాలని జెర్సీ లాక్కుంటూ డొనాల్డ్ దిగాడు. అతను కొట్టిన పెనాల్టీతోనే న్యూజిలాండ్ 8-7తో ఫ్రాన్స్‌ను గెలిచింది. ఆ రాత్రి మా వీధిలో ఒక్క ఇంట్లోనూ దీపం ఆరలేదు.

ఈ కథ నాకూ ఇష్టమే. కానీ పిల్లవాడి భవిష్యత్తు ఆలోచించే తండ్రికి ఇది చెప్పి ఊరుకుంటే అన్యాయం. మ్యాచ్ రోజున ఒక జట్టుకు 23 మంది. 14 ప్రావిన్సులకు కలిపి ఒక వారంలో జెర్సీ వేసుకునేది 322 మంది. ఆల్‌బ్లాక్స్‌లో ఉండేదీ 23 స్థానాలే. మధ్యలో సూపర్ రగ్బీ అని వేరే దేశాల జట్లు కూడా ఆడే పెద్ద లీగ్ ఉంది, అందులో న్యూజిలాండ్ జట్లు ఐదే ఐదు. ఈ 14 ప్రావిన్సులు కాక హార్ట్‌ల్యాండ్ పేరుతో మరో 12 చిన్న ప్రాంతాల జట్లు ఉన్నాయి, వాటిలో ఆడేవాళ్లకు ఈ నాటికీ ఆట జీవనాధారం కాదు. కాస్త పేరొచ్చినవాళ్లు ఎక్కువ జీతం కోసం జపానుకో ఫ్రాన్సుకో వెళ్లిపోతారు. డొనాల్డ్ కూడా బాత్ తర్వాత జపాన్ వెళ్లాడు. మిగిలినవాళ్లకు మూడు నెలల ఆట, తొమ్మిది నెలల వేరే పని. మా ఇంటి వెనక కంచె కట్టడానికి వచ్చిన కుర్రాడు వారం రోజులు మా పెరట్లో గుంజలు పాతాడు, నేను పెట్టిన పులిహోర తిన్నాడు. శనివారం టీవీ పెడితే ప్రావిన్స్ జెర్సీలో కనిపించాడు. మా అబ్బాయి సోఫా మీద నుంచి లేచి గెంతాడు. రెండేళ్ల తర్వాత ఆ కుర్రాడికి కాంట్రాక్టు మళ్లీ ఇవ్వలేదు. ఇప్పుడు కంచెలే కడుతున్నాడు. అది గౌరవమైన పనే, అతను సంతోషంగానే ఉన్నాడు. ఆట మాత్రమే నమ్ముకుని ఉంటే ఏమయ్యేవాడో.

డబ్బు సంగతి అలా ఉంచండి. నాకు నిద్ర పట్టనివ్వనిది తల.

టాస్మన్ ప్రావిన్స్‌కు బిల్లీ గైటన్ అని ఒక ఆటగాడు ఉండేవాడు. సూపర్ రగ్బీ ఆడాడు, ఇక్కడి మూలవాసుల జట్టు మావోరీ ఆల్‌బ్లాక్స్‌కు ఆడాడు. తలకు పదే పదే తగిలిన దెబ్బల వల్ల 2018లో ఆట మానేశాడు. 2023లో 33 ఏళ్లకే చనిపోయాడు. కుటుంబం అతని మెదడును ఆక్లాండ్ యూనివర్సిటీలోని పరిశోధకులకు ఇచ్చింది. పదే పదే తగిలే తలదెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే మెదడు జబ్బు ఉన్నట్టు 2024లో బయటపెట్టారు. న్యూజిలాండ్‌లో ఆడిన వృత్తి ఆటగాళ్లలో ఈ జబ్బు నిర్ధారణ అయిన మొదటి మనిషి అతను. బతికుండగా దీన్ని ఖాయంగా చెప్పే పరీక్ష ఇంకా లేదు. అదే టాస్మన్‌కు కెప్టెన్‌గా చేసిన షేన్ క్రిస్టీ, తలదెబ్బలతో ఆట వదిలి, మిగతా ఆటగాళ్ల కోసం గొంతెత్తి మాట్లాడుతూ వచ్చాడు. 2025 ఆగస్టులో అతనూ పోయాడు, 39 ఏళ్లు. ఒటాగో నుంచి ఎదిగి దేశానికి 45 టెస్టులు ఆడిన కార్ల్ హేమన్ తనకు 41 ఏళ్లకే మతిమరుపు జబ్బు వచ్చిందని 2021లో తనే ముందుకొచ్చి చెప్పాడు. ఆరడుగుల పైన ఉన్న ఆ మనిషి సంగతి చదివినప్పుడు నేను పేపరు మడిచి పక్కన పెట్టేశాను.

మా ఇంటి విషయం కూడా దాచను. మా అబ్బాయికి 13 ఏళ్లప్పుడు ఒక మ్యాచ్‌లో ఎదుటివాడి మోకాలు కణతకు తగిలింది. లేచాడు, నవ్వాడు. కోచ్ నీళ్లు తాగించి "బాగానే ఉన్నాడు" అని మళ్లీ పంపాడు. నేను గీత పక్కనే నిలబడి ఉన్నాను, ఒక్క మాట అనలేదు. మన ఊళ్లోనూ అంతే కదా, చెట్టు మీంచి పడితే నాలుగు నీళ్లు చల్లి, కాస్త పంచదార నోట్లో వేసి, పోయి ఆడుకోమంటాం. ఆ తర్వాత రెండు వారాలు వాడు వెలుతురు చూడలేకపోయాడు. లెక్కల పుస్తకం తెరిస్తే తల పట్టుకునేవాడు. తల్లిగా ఆ రోజు నోరెత్తనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఈ ఏడాది రెండోసారి తగిలింది. ఈసారి రిఫరీ జేబులోంచి నీలం కార్డు తీశాడు. ఇక్కడ పిల్లల ఆటలోనూ, క్లబ్బు ఆటలోనూ రిఫరీకి అనుమానం వస్తే చాలు, నీలం కార్డు చూపిస్తాడు. ఆ పిల్లవాడు మైదానం వదలాల్సిందే. కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు, డాక్టరు రాసిస్తేనే మళ్లీ అడుగు పెట్టాలి. గట్టు మీద ఉన్న తండ్రులు ఎంత అరిచినా ఆ కార్డు వెనక్కి పోదు. ఇంకొక సంగతి. ఇక్కడ ఏసీసీ అనే ప్రభుత్వ సంస్థ 1974 నుంచి ఉంది. ఆటలో గాయపడి పనికి వెళ్లలేకపోతే తప్పు ఎవరిదని అడగకుండా వారపు సంపాదనలో 80 శాతం ఇస్తుంది. మా కంచె కుర్రాడు భుజం విరిగినప్పుడు ఆ డబ్బుతోనే ఇల్లు గడిపాడు. ఇన్ని ఏర్పాట్లున్న దేశంలోనే గైటన్ లాంటివాళ్లు పోయారు.

మరి మన దగ్గర? పిల్లవాణ్ణి రాష్ట్ర జట్టు సెలక్షన్‌కు పంపే తండ్రికి ఇవేమీ తెలియవు. సర్టిఫికెట్ గురించి తెలుసు, కోటా గురించి తెలుసు. తలకు దెబ్బ తగిలితే ఆట ఎవరు ఆపుతారో తెలియదు. ఆపితే సెలక్షన్ పోతుందని పిల్లలు దెబ్బ దాస్తారు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు, మా అబ్బాయే రెండో దెబ్బ తర్వాత "కార్డు చూపించకపోతే చెప్పేవాణ్ణి కాదమ్మా" అన్నాడు.

అందుకే నా విన్నపం. రెండు రాష్ట్రాల్లో రగ్బీ నేర్పే ప్రతి స్కూల్లో, ప్రతి అకాడమీలో తలదెబ్బలకు ఒక పుస్తకం పెట్టమని ప్రభుత్వాలనూ, రగ్బీ సంఘాలనూ మీ పత్రిక అడగాలి. ఏ తేదీన తగిలింది, ఎలా తగిలింది, ఎవరు చూశారు, ఏ డాక్టరు ఎప్పుడు ఆడమన్నాడు, ఇంతే. దీనికి నిధులు అక్కర్లేదు, గీతల నోటుబుక్కు చాలు. పిల్లవాడు స్కూలు మారితే టీసీతో పాటు ఆ కాగితం నకలు కూడా వెళ్లాలి. కబడ్డీ పిల్లలకూ ఇదే వర్తింపజేస్తే ఇంకా మంచిది. ఆట ఆపే అధికారం కోచ్‌కు కాక, గెలుపు ఓటములతో సంబంధం లేని మనిషికి ఉండాలి. హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు వాళ్లు కూడా తమ కుర్రాళ్లకు తల గాయమైతే ఎన్నాళ్లు జీతం ఇస్తారో, ఎవరు వైద్యం చేయిస్తారో బయటికి చెప్పాలి. మీ క్రీడల పేజీ విలేకరి ఈ ప్రశ్న అడిగి జవాబు అచ్చు వేస్తే, ఆ కత్తిరింపు మా తమ్ముడికి నేనే పంపిస్తాను. జవాబు వచ్చాకే పిల్లవాణ్ణి పంపమని వాడికి చెప్పాను.

మా అబ్బాయి 21 రోజులు వచ్చే గురువారంతో పూర్తవుతాయి. శుక్రవారం ఉదయం డాక్టరు చూస్తుంది. ఆమె సరేనంటే శనివారం వాడు ఆడతాడు, నేను గంట పట్టుకుని వెళతాను. కాదంటే ఇద్దరం గట్టు మీద కూర్చుని చూస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హామిల్టన్, న్యూజిలాండ్
(స్వస్థలం యానాం దగ్గర)